నేను కప్పిన దుప్పటి

నర్సుగా నేను చేసిన మంచి పనులు చెప్పమంటే ఒక సాయంత్రమంతా చెబుతాను, కానీ వాటిలో సగం నాకే నమ్మబుద్ధి కాదు. చేసిన తప్పు ఒకటి ఉంది. అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం. మీలో నర్సింగ్ చదువుతున్నవాళ్ళో, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ళో ఉంటే మీ కోసమే రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, నేనూ చాలాసార్లు తిట్టుకున్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను. మొదటి ఆరేళ్ళు గుంటూరులో, మిగతావన్నీ ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్ దగ్గర ఒక ఆసుపత్రి ఐసీయూలో. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికని వచ్చారు. నేను ఆయన వెనకాలే వచ్చి, పరీక్షలు మళ్ళీ రాసి, మళ్ళీ నర్సునయ్యాను. ఆసుపత్రి పని కాకుండా వేసవిలో మూడు రోజులు ఇంకో పని ఉండేది. కొండలు దాటి మూడు గంటలు డ్రైవ్ చేస్తే నది ఒడ్డున ఒక మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతుంది. అక్కడ ఫస్ట్ ఎయిడ్ టెంట్‌కి నేను ఇన్‌చార్జ్‌ని. కొండలకి ఇవతల మాకు ఎప్పుడూ వానే. అవతలికి వెళ్తే రెంటచింతల ఎండలు.

ఆ నది మలుపులో ఒక ఇసుక మేట ఉంది. అక్కడ బట్టలు వేసుకోవడం, మానడం ఎవరిష్టం వాళ్ళది. అలాగని బోర్డు కూడా పెట్టారు. అక్కడివాళ్ళకి ముల్లు గుచ్చుకున్నా, తేనెటీగ కుట్టినా తిన్నగా మా టెంట్‌కే వస్తారు. బట్టల కోసం వెనక్కి వెళ్ళరు. ఒంటి మీద నూలుపోగు లేకుండా వచ్చి నిలబడి, వాతావరణం గురించి మాట్లాడతారు. మొదటి ఏడాది ఎక్కడ చూడాలో తెలియక నుదుటి వైపు చూసేదాన్ని. అలా తొమ్మిది వేసవుల్లో కొన్ని వందల నుదుళ్ళు చూశాను.

"రోజూ పేషెంట్లకి ఒళ్ళు తుడిచేదానివి, నీకేంటి సిగ్గు?" అని మా ఆయన నవ్వేవారు. ఆసుపత్రిలో ఒళ్ళు వేరు. అక్కడ మనిషి తన ఒంటిని మనకి అప్పజెప్పి కళ్ళు మూసుకుంటాడు. మనం కర్టెన్ లాగి, పని చేసి, గౌను కట్టేస్తాం. ఇక్కడ వాళ్ళు కళ్ళు తెరుచుకునే ఉంటారు. పైగా నవ్వుతారు. సిగ్గు పడాల్సినవాళ్ళు పడకపోతే అది చూసేవాళ్ళ నెత్తినొచ్చి కూర్చుంటుంది.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళైన నాలుగేళ్ళకి నా మోచేతి మీద ఒక తెల్లమచ్చ వచ్చింది. తర్వాత రెండో మోచెయ్యి, తర్వాత పొట్ట, నడుము. బొల్లి. అంటుకునేది కాదు, నొప్పి లేదు, ప్రాణానికి ఏమీ కాదు. ఇవన్నీ పేషెంట్లకి నేనే చెప్పేదాన్ని. కానీ యూనిఫాం కింద ఫుల్ హ్యాండ్స్ బనీను లేకుండా ఒక్క షిఫ్టు కూడా చెయ్యలేదు. ఎండల్లో ఎందుకమ్మా అంటే నాకు చలి అనేదాన్ని. మా ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. లైటు ఆపమన్నది నేనే.

కాబట్టి ఆ ఇసుక మేట మీద మనుషుల్ని చూస్తే నాకు కలిగింది సిగ్గు అనుకుంటూ వచ్చాను. అది కుళ్ళు అని తెలియడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

తొమ్మిదో ఏడాది టెంట్‌కి ఒక తెలుగు పిల్ల నర్సుగా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగింది, మా ఆసుపత్రిలోనే ఇంకో వార్డులో కొత్తగా చేరింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. నన్ను చూడగానే "నమస్తే ఆంటీ" అంది. తొమ్మిదేళ్ళ ఇన్‌చార్జ్‌ని ఒక్క నమస్తేతో వాళ్ళింటికి పులిహోర తెచ్చే ఆంటీని చేసేసింది. మధ్యాహ్నానికల్లా టెంట్‌లో అందరూ నన్ను ఆంటీ అనడం మొదలుపెట్టారు. నవ్వి ఊరుకున్నాను కానీ లోపల ఒళ్ళు మండిపోయింది.

పని బాగా చేసేది. అదే నా బాధ. బట్టల్లేకుండా ఎవరొచ్చినా ఆ పిల్ల చూపు తడబడేది కాదు. కళ్ళల్లోకి చూసి మాట్లాడేది, దెబ్బ ఎక్కడుంటే అక్కడ చూసేది, మళ్ళీ కళ్ళల్లోకి చూసేది. నేను రెండో బల్ల దగ్గర ఖాళీగా కూర్చుని ఉన్నా జనం ఆ పిల్ల లైన్లోనే నిలబడేవారు. ఒకతను నా దగ్గరికి వచ్చి, "ఇంకో ఆవిడ లేదా?" అని అడిగాడు. అతని కాలికి దెబ్బ కడిగి కట్టు కట్టాను. కొంచెం గట్టిగానే కట్టాననుకుంటాను.

ఆ శుక్రవారమే ఒకావిడని చూశాను. అరవై దాటిన తెల్లావిడ, నా ఈడుదే. టెంట్‌కి ఎదురుగా, ఇసుక మేట అంచున ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని కూర్చుంది. నెత్తి మీద గడ్డి టోపీ తప్ప ఒంటి మీద ఏమీ లేదు. చేతిలో మాత్రం స్వెటర్ అల్లుతోంది. ఒకవైపు రొమ్ము లేదు. ఆపరేషన్ చేసిన గీత చంక దాకా పోయింది. పొట్ట మడతలు పడి ఒళ్ళో కూర్చుంది. ఆవిడ అవేవీ దాచుకోవడం లేదు, చూపించుకోవడమూ లేదు. ఎండలో కూర్చుని అల్లిక ముడులు లెక్కపెట్టుకుంటోంది, అంతే. ఆవిడని చూస్తూ నేను నా స్లీవ్స్ మణికట్టు దాకా లాక్కున్నాను. ఏం హక్కుతో అంత హాయిగా కూర్చుందీ అనిపించింది. నిజంగా అలాగే అనిపించింది.

కాసేపటికి మా పిల్ల బ్రేక్ తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఇసుకలో చతికిలబడి కబుర్లు మొదలుపెట్టింది. ఆవిడ వీపు ఎర్రగా కమిలి ఉంటే సన్‌స్క్రీన్ తీసి రాసింది. ఆ గీత పక్కన కూడా, మామూలు చర్మానికి రాసినట్టే రాసింది. ఇద్దరూ దేనికో పడీ పడీ నవ్వుకున్నారు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి చూశాను. ఎవరి మీద కుళ్ళుకోవాలో కూడా తేల్చుకోలేకపోయాను. ఆ చేతుల మీదా, ఆ వీపు మీదా?

శనివారం పొద్దున్నే, ఫెస్టివల్ మెడికల్ పనులన్నీ చూసే సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన పూర్వం ఫైర్‌మన్‌గా చేసినవాడు. పొడుగు మనిషి, మాటలు తక్కువ. కంప్లైంట్ ఫారం అడిగాను. మూడు పొరల కాగితం అది, తెలుపు, పసుపు, గులాబీ రంగు. ఏది ఎవరికి వెళ్తుందో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవలేదు. పేషెంట్ కాని మనిషి ఒంటి మీద నర్సు చేతులు వేసిందని, ప్రొఫెషనల్ బౌండరీస్ దాటిందని రాశాను. బౌండరీస్ అనే మాట అమెరికాలో నేర్చుకున్నాను. కడుపులో మండుతున్నదాన్ని కాగితం మీద పెట్టడానికి అంతకన్నా మర్యాదైన మాట దొరకదు.

ఆయన చదివి, "ఇది పంపమంటావా, ఖాయమా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఖాయమే," అన్నాను.

పదకొండు గంటలకల్లా ఆ పిల్లని వెనక గేటు దగ్గరికి మార్చారు. అక్కడ ఐస్ ట్రక్, తాగే నీళ్ళ పాయింట్ ఉంటాయి. టెంట్ నుంచి నడిస్తే పది నిమిషాలు. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "నేను వాటర్ దగ్గరికి వెళ్తున్నా ఆంటీ. మీకు ఐస్ కావాలంటే రేడియోలో చెప్పండి," అంది. సరేనమ్మా అన్నాను. ఆ రోజంతా నా లైను నిండుగా ఉంది. ఇంకో లైను లేదు కదా.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి టెంట్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ పిల్ల బదులు ఆ పొద్దున్నే వేసిన రెండో నర్సు లంచ్‌కి వెళ్ళింది. ఇద్దరు మనుషులు మూడో మనిషిని చెరో జబ్బా పట్టుకుని మోసుకొచ్చారు. ముగ్గురికీ బట్టల్లేవు. మూడో మనిషి గడ్డి టోపీ ఆవిడ. టోపీ లేదు. ఏదో గొణుగుతోంది, నన్ను చూసి ఎవరిదో పేరు పెట్టి పిలుస్తోంది. మంచం మీద పడుకోబెట్టాం.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. వడదెబ్బ తగిలిన మనిషికి ఏం చెయ్యాలో నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒంటి మీద బట్టలు తీసెయ్యాలి, గాలి తగలనివ్వాలి, ఐసులో ముంచినంత పని చెయ్యాలి. ఆవిడకి ఆ మొదటి పని మేం చెయ్యక్కర్లేకుండానే అయిపోయింది. నేను ఏం చేశానో తెలుసా? అలమరలోంచి ఫ్లానెల్ దుప్పటి తీసి మెడ దాకా కప్పాను.

ఆలోచించి కప్పలేదు. ఆలోచించి ఉంటే కప్పేదాన్ని కాదు. టెంట్ తలుపు తెర తెరిచి ఉంది, జనం తొంగి చూస్తున్నారు, ఆవిడ వాళ్ళ వైపు ఆ గీతతో, ఆ పొట్టతో పడి ఉంది. నా చెయ్యి దానంతట అది వెళ్ళింది. తర్వాత మోసుకొచ్చిన ఇద్దర్నీ బయట ఉండమని తెర మూసేశాను. ఫ్యాను గాలికి దుప్పటి లేచిపోతోందని ఫ్యాన్ని గోడ వైపు తిప్పాను. టెంపరేచర్ చూడాల్సిన చోట, అంటే మలద్వారంలో, చూడాలంటే దుప్పటి తియ్యాలి కాబట్టి చెవి థర్మామీటర్ పెట్టాను. నూట రెండు చూపించింది. ఆ చెవి లెక్క వడదెబ్బలో తప్పు చూపిస్తుందని జూనియర్లకి పాఠం చెప్పినదాన్ని నేనే. నూట రెండే కదా అనుకుని సెలైన్ పెట్టాను. ఐస్ అయిపోయిందని రేడియోలో చెప్పాను. ఆవిడ దుప్పటి తన్నేస్తోంది. తన్నిన ప్రతిసారీ మళ్ళీ లాగి మెడ కింద దోపాను.

ఐస్ బండి తోసుకుంటూ ఆ పిల్ల వచ్చేటప్పటికి ఆవిడ తన్నడం మానేసింది. నేను దాన్ని నెమ్మదించిందనుకున్నాను.

ఆ పిల్ల తెర పక్కకి తీసి లోపలికి వచ్చి ఒక్క క్షణం నిలబడింది. "ఆంటీ, ఫ్యాన్ ఎందుకు అటు తిరిగి ఉంది?" అంది.

నేను దుప్పటి అంచు సర్దాను.

"సారీ ఆంటీ, కొంచెం జరగండి." దుప్పటి లాగి నేల మీద పడేసింది. చూడాల్సిన చోట టెంపరేచర్ చూసింది. నూట ఆరు దాటింది. రేడియోలో సూపర్‌వైజర్‌ని, అంబులెన్స్‌ని పిలిచింది. అప్పటికి నాకు బుద్ధి తిరిగి వచ్చింది, చేతులూ వచ్చాయి. టార్పాలిన్ తీసి నేల మీద పరిచాను. ఆవిడని దాని మీదకి చేర్చి, నాలుగు మూలలూ ఎత్తి తొట్టిలా పట్టుకున్నారు. ఒక మూల సూపర్‌వైజర్, ఒక మూల అప్పుడే పరిగెత్తుకొచ్చిన రెండో నర్సు, మిగిలిన రెండు మూలలూ ఆవిడని మోసుకొచ్చిన, బట్టల్లేని ఆ ఇద్దరూ. మధ్యలో ఆ పిల్లా నేనూ మోకాళ్ళ మీద కూర్చుని ఐసూ నీళ్ళూ పోసి ఆవిడ ఒళ్ళంతా రుద్దాం. చంకల్లో, మెడ కింద, గజ్జల్లో. ఆ గీత మీద కూడా. ఎవరూ ఎవరి ఒంటినీ చూడలేదు. చూసే తీరిక లేదు.

నా స్లీవ్స్ మోచేతుల దాకా నానిపోయి బరువెక్కి చెయ్యి ఆడలేదు. ఆ పిల్ల గమనించి, అడక్కుండానే నా రెండు స్లీవ్స్ పైకి మడిచేసింది. ముప్పై ఏళ్ళుగా మూసి పెట్టింది అందరి ముందూ బయటపడింది. ఆ పిల్ల చూసింది, పేషెంట్లని చూసే చూపే. "రుద్దుతూ ఉండండి ఆంటీ," అంది. రుద్దుతూ ఉన్నాను.

పన్నెండు నిమిషాలు పట్టింది. నూట రెండుకి దిగాక ఆవిడ కళ్ళు తెరిచి, చలి అని మమ్మల్నందర్నీ కలిపి ఒక బూతు తిట్టింది. అంత చక్కటి తిట్టు నా సర్వీసులో వినలేదు. అంబులెన్స్ వెళ్ళిపోయాక సూపర్‌వైజర్ నేల మీది దుప్పటి తీసి, మడిచి, నన్ను అడిగాడు, "ఇది ఎందుకు కప్పావు?"

"ప్రైవసీ కోసం," అన్నాను.

"ఎవరి ప్రైవసీ?" అన్నాడు.

రాయడానికి కూర్చున్నాను. రిపోర్ట్‌లో దుప్పటి సంగతి, ఫ్యాను సంగతి, చెవి థర్మామీటర్ సంగతి నేనే రాశాను. అంతవరకూ నిజాయితీగానే ఉన్నాను. ఆ పిల్ల టెంట్‌లో ఎందుకు లేదో మాత్రం రాయలేదు. ఉండి ఉంటే ఆవిడ మీద ఆ దుప్పటి ఒక్క నిమిషం కూడా నిలిచేది కాదు. ఆసుపత్రిలో ఐదు రోజులుండి ఆవిడ ఇంటికి వెళ్ళిందని వారం తర్వాత కబురు తెలిసింది. ఆ వారం రోజులూ నేను పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలి లేచేసేదాన్ని. మా ఆయనకి అజీర్తి అని చెప్పాను.

మరుసటి వేసవి నాకు ఆఖరిది. ఆ పిల్లని మళ్ళీ టెంట్‌కే వేయమని నేనే అడిగాను. శుక్రవారం మధ్యాహ్నం గడ్డి టోపీ మా టెంట్ ముందుకొచ్చి నిలబడింది. కొత్త టోపీ. అంతకు మించి ఏమీ లేదు. మాకిద్దరికీ చెరో జత ఊలు మేజోళ్ళు అల్లి తెచ్చింది, నూరు డిగ్రీల ఎండలో.

"నాకు ఆ రోజు పెద్దగా ఏమీ గుర్తు లేదు," అంది నాతో. "ఒళ్ళంతా మంటగా ఉంటే ఎవరో నా మెడ కింద దుప్పటి దోపుతూనే ఉన్నారు. మా అమ్మే అనుకున్నాను. చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది, ఇంకా నన్ను కప్పుతోందేంటి ఈవిడ అని ఎంత కోపమొచ్చిందో."

"అది నేనే," అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసింది. నేను మొదటిసారి ఆవిడ నుదుటిని కాక కళ్ళని చూశాను. "మా అమ్మంత పట్టుదల నీది," అని నవ్వి, మేజోళ్ళు నా చేతిలో పెట్టి, మళ్ళీ తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎండలో అలా ఆ పిరుదుల్ని ఊపుకుంటూ వెళ్తుంటే, ప్రాణం పోయినంత పనై వచ్చింది కదా, ఇప్పటికైనా ఒక తువ్వాలు చుట్టుకోవచ్చు కదా అనిపించింది. కుళ్ళు ఒక్క ఏడాదిలో పోదు.

సోమవారం పొద్దున ఆ పిల్ల కారులో ఇంటికి బయల్దేరాం. కొండల మీద మంచు కరిగి పక్కన వాగు పారుతోంది. ఇంక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"నిన్ను పోయినేడు నీళ్ళ పాయింట్‌కి ఎందుకు వేశారో తెలుసామ్మా?"

"తెలుసు ఆంటీ," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"నేను కంప్లైంట్ రాశాను."

"పింక్ కాపీ ఎవరి మీద రాస్తే వాళ్ళకే ఇస్తారు ఆంటీ. సాటర్‌డే లంచ్‌కే ఇచ్చారు. మీ రైటింగ్ చాలా బాగుంటుంది."

ఏడాది పొడుగునా ఆసుపత్రిలో కనబడినప్పుడల్లా ఆంటీ అంటూ పలకరించింది. వాళ్ళమ్మ చేసిన గోంగూర పచ్చడి సీసా తెచ్చి ఇచ్చింది. ఆ పచ్చడి తిన్నాను, రెండో సీసా కూడా అడిగాను.

"మరి ఆదివారం ఐస్ తెచ్చినప్పుడు నీకు తెలుసన్నమాట."

"తెలుసు."

"ఒక్క మాటైనా అనలేదే?"

"పేషెంట్ నూట ఆరు ఉంది కదా ఆంటీ," అంది. ముందున్న లారీని దాటాక, "తర్వాత చాలా కోపం వచ్చింది. మమ్మీకి ఫోన్ చేసి ఏడ్చా. మీ చేతులు చూశాక కొంచెం అర్థమయ్యింది. అంతా కాదు, కొంచెం," అంది.

నా వైపు కిటికీలోంచి ఎండ పడుతోంది. ఎడమ స్లీవ్ మోచెయ్యి దాకా మడిచాను. కుడిది అలాగే ఉంచాను. ఆ పిల్ల ఏసీ కొంచెం పెంచింది.

రిటైరయ్యాక ఇప్పుడు వేసవిలో చెరువు గట్టుకి వాకింగ్ వెళ్తాను. రెండు స్లీవ్సూ మోచేతుల దాకా మడుచుకునే వెళ్తాను. అంతకన్నా పైకి నాకు చేతకాలేదు. చేతకాదని ఎవరూ జాలిపడక్కర్లేదు.

మీకు చెప్పాలనుకున్నది దుప్పటి గురించి కాదు. దుప్పటి ఎప్పుడు తియ్యాలో మీ పుస్తకాల్లో ఉంటుంది. నా ఉద్యోగంలో చాలామందిని చూసి కుళ్ళుకున్నాను, ఎండకి పెట్టిన వీపుల్నీ, నిండు లైన్లనీ, ఇరవై ఆరేళ్ళ చేతుల్నీ. అవన్నీ ఏదో ఒక నాటికి చల్లారాయి. ఒక్కటి మాత్రం చల్లారలేదు, అంతా తెలిసీ ఆ పిల్ల తనే ఐస్ తోసుకొచ్చిందే, అది. ఆ శనివారం ఆ గులాబీ కాగితం నా చేతికి వచ్చి ఉంటే, ఆదివారం రేడియోలో అది రాసిన మనిషి గొంతే ఐస్ అడిగితే, నేనైతే ఆ బండి ఇంకెవరి చేతనో పంపించేదాన్ని.